గాదె దాకా వచ్చిన యుద్ధం: జోన్స్ కౌంటీ, 1861–65

1865 అక్టోబరులో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్ర శాసనసభకు ఒక అర్జీ అందింది. అంతర్యుద్ధం ముగిసి అప్పటికి ఆరు నెలలే అయింది. దక్షిణాది ఓడిపోయింది, పొలాలు బీడుపడ్డాయి, ఎన్నో ఇళ్లలో మగదిక్కు లేకుండా పోయింది. అలాంటి సమయంలో జోన్స్ కౌంటీ పెద్దమనుషులు కొందరు శాసనసభను కోరింది తమ కౌంటీ పేరు మార్చమని. యుద్ధ కాలంలో జోన్స్ అన్న పేరుకు మచ్చ పడిందని, ఆ పేరునూ దాని వెనకున్న చరిత్రనూ ఇక ఎవరూ తవ్వి తీయలేనంత లోతున పాతిపెట్టాలని ఆ అర్జీ సారాంశం. శాసనసభ ఒప్పుకుంది. కౌంటీకి డేవిస్ అని, దాని ముఖ్యపట్టణం ఎలిస్‌విల్‌కు లీస్‌బర్గ్ అని కొత్త పేర్లు వచ్చాయి. మొదటిది ఓడిపోయిన దక్షిణాది ప్రభుత్వానికి అధ్యక్షుడిగా ఉన్న జెఫర్సన్ డేవిస్ పేరు. రెండోది ఆ ప్రభుత్వపు సేనాని రాబర్ట్ లీ పేరు. నాలుగేళ్లు తిరిగేలోపే పాత పేర్లు మళ్లీ వచ్చేశాయి.

పాతిపెట్టాలనుకున్న ఆ చరిత్రను చాలామంది ‘జోన్స్ స్వతంత్ర రాజ్యం’ అన్న పేరుతో చెప్పుకుంటారు. మిసిసిపీ అమెరికా నుంచి విడిపోతే, జోన్స్ కౌంటీ మిసిసిపీ నుంచి విడిపోయిందనేది ఆ కథ. వినడానికి బాగుంటుంది గానీ, అలా చెప్పుకుంటే చూపంతా ఎగిరిన జెండా మీదా తుపాకీ పట్టిన నాయకుడి మీదా నిలిచిపోతుంది. ఆ కౌంటీ ఎందుకు తిరగబడిందో తెలియాలంటే మొక్కజొన్న గాదెల దగ్గరికీ, పంది మాంసం నిల్వచేసే పొగ గదుల దగ్గరికీ, ఆ ఇళ్లను నడిపిన ఆడవాళ్ల దగ్గరికీ వెళ్లాలి.

పత్తి పండని నేల

కౌంటీ అంటే పాత రోజుల్లో మన తాలూకా లాంటి పాలనా విభాగం. జోన్స్ కౌంటీ 1826లో ఏర్పడింది. మిసిసిపీకి ఆగ్నేయ మూల, లీఫ్ నది పారే చోట, ఇసుక కలిసిన నేలలో ఆకాశమంత ఎత్తు పైన్ చెట్ల అడవి. నదీ తీరాల ఒండ్రుమట్టిలో పత్తి పండించి కోట్లు గడించిన మిసిసిపీ వేరు, ఈ మూల వేరు. ఇక్కడి కుటుంబాలు మొక్కజొన్న, చిలగడదుంప వేసుకునేవి, ఆవులనూ పందులనూ పెంచుకునేవి. చెవులు కోసి గుర్తులు పెట్టి పశువులను అడవిలోకి వదిలేసేవారు. కంచె వేస్తే పంట చుట్టూ వేసేవారు, పశువుల చుట్టూ కాదు. అడవి అందరిదీ అన్న లెక్కన బతుకు సాగేది.

1860 జనాభా లెక్కల్లో ఈ కౌంటీ మొత్తం జనం 3,323. వారిలో బానిసలు 407 మంది, అంటే దాదాపు 12 శాతం. రాష్ట్రంలో ఏ కౌంటీలోనూ ఇంత తక్కువ లేదు. మిసిసిపీ మొత్తం తీసుకుంటే జనాభాలో సగం పైగా, సుమారు 55 శాతం, బానిసలే. ఈ రెండు అంకెల మధ్య దూరమే తర్వాత జరిగినదాంట్లో చాలా భాగాన్ని చెబుతుంది.

అయితే అన్నీ చెప్పదు. బానిసలు తక్కువ కాబట్టి ఇక్కడి తెల్ల రైతులు బానిసత్వాన్ని అసహ్యించుకున్నారని అనుకోవడం తొందరపాటు. తిరుగుబాటుకు నాయకుడైన న్యూటన్ నైట్ సొంత తాత జాకీ నైట్‌కే చాలామంది బానిసలుండేవారు. న్యూటన్ తండ్రికి మాత్రం ఒక్కరూ లేరు. ఒకే ఇంటిపేరు, ఒకే వంశం, మధ్యలో అంత తేడా. తర్వాత కౌంటీని రెండుగా చీల్చిన గీత ఊళ్ల మధ్యనే కాదు, అన్నదమ్ముల పిల్లల మధ్య నుంచీ పోయింది.

1860 చివర్లో, బానిసత్వం విస్తరించకూడదన్న అబ్రహాం లింకన్ అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో గెలిచాక, విడిపోవాలా వద్దా అని తేల్చడానికి మిసిసిపీలో ప్రతి కౌంటీ ప్రతినిధులను ఎన్నుకుంది. జోన్స్‌లో విభజన వద్దన్న జాన్ పావెల్‌కు 166 ఓట్లు వచ్చాయి, కావాలన్న అభ్యర్థికి 89. ఊరి మాట అంత స్పష్టంగా చెప్పి పంపిన మనిషి రాజధాని జాక్సన్ చేరాక గాలివాటం చూసి మనసు మార్చుకున్నాడు. 1861 జనవరి 9న సభ 84–15 తేడాతో విభజన తీర్మానం చేసింది. పావెల్ ఓటు ఆ 84లో ఒకటి. కబురు చేరగానే ఎలిస్‌విల్‌లో అతని దిష్టిబొమ్మను తగలబెట్టారు. ఎందుకు విడిపోతున్నారో ఆ సభ దాచుకోలేదు. తమ ప్రయోజనాలు బానిసత్వంతో పూర్తిగా ముడిపడి ఉన్నాయని ప్రకటనలో మొదట్లోనే రాసుకుంది. బానిసలు లేని ఇళ్లవాళ్ల పేరు మీద కూడా ఆ ముక్క రాశారు.

ఇరవై మంది చట్టం

యుద్ధం మొదలైన ఏడాది జోన్స్ యువకులు చాలామంది సైన్యంలో చేరారు. కొందరు ఇష్టపడే చేరారు. తోటివాళ్లతో కలిసి ఒకే దళంలో ఉండొచ్చని, ఎలాగూ లాక్కుపోతారు కాబట్టి ముందే చేరితే నయమని మరికొందరు. ఎమోస్ మెక్‌లమోర్ అనే స్థానికుడు కూడగట్టిన దళానికి ‘రోజిన్ హీల్స్’ అని పేరు. అంటే పైన్ జిగురు అంటిన మడమలవాళ్లని. అడవి మనుషులు తమకు తాము పెట్టుకున్న పేరది. ఈ మెక్‌లమోర్ మళ్లీ కథలోకి వస్తాడు.

1862 ఏప్రిల్‌లో కాన్ఫెడరసీ, అంటే విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల ప్రభుత్వం, 18 నుంచి 35 ఏళ్ల మగవాళ్లంతా సైన్యంలో చేరాల్సిందేనని చట్టం చేసింది. సెప్టెంబరులో ఆ పైవయసును 45కి పెంచింది. డబ్బున్నవాడు తన బదులు మరొకరిని పంపుకోవచ్చు. అక్టోబరులో వచ్చిన సవరణతో ఇంకో తలుపు తెరుచుకుంది. 20 మంది లేదా అంతకంటే ఎక్కువ బానిసలున్న తోటకు ఒక తెల్ల మగవాడిని సైన్యం నుంచి మినహాయించవచ్చు. బానిసలు తిరగబడకుండా కాపలా కాయడానికి ఒకరు ఇంట్లో ఉండాలన్నది ప్రభుత్వం చెప్పిన కారణం.

మినహాయింపు పొందినవాళ్లు నిజానికి ఎంతమందన్నది పక్కన పెడదాం. ఆ చట్టంలో ఒక అంకె ఉంది, ఆ అంకె అందరికీ అర్థమయ్యే భాషలో ఉంది. నలుగురు పిల్లలను, ముసలి తల్లిని, కోతకొచ్చిన మొక్కజొన్నను వదిలి వచ్చిన రైతు ఇంటికి మినహాయింపు లేదు. ఇరవై మంది మనుషులను కొనుక్కున్నవాడి ఇంటికి ఉంది. ఏ చట్టమైనా కఠినంగా ఉంటే జనం పళ్లు బిగించి భరిస్తారు. మోసంగా ఉంటే భరించరు. జోన్స్ కౌంటీ నుంచి వెళ్లిన జాస్పర్ కాలిన్స్ ఈ కబురు వినగానే తుపాకీ కింద పడేసి, ఇది డబ్బున్నవాళ్ల యుద్ధం, లేనివాళ్లు చేసే పోరాటం అనేసి ఇంటిదారి పట్టాడని చెబుతారు. దక్షిణాది సిపాయిల నోళ్లలో అప్పటికే నలిగిన మాట అది. కాలిన్స్ కుటుంబం మొదటి నుంచీ విభజనకు వ్యతిరేకం. అతని సోదరుడు వారెన్ అప్పటికే టెక్సాస్‌లో స్థిరపడి, అక్కడి బిగ్ థికెట్ అడవిలో తనూ ఇలాంటి ముఠానే నడిపాడు.

న్యూటన్ నైట్ కూడా అదే దారి పట్టాడు. అతను సైన్యంలో గాయపడినవాళ్లకు సేవ చేసే పనిలో ఉన్నాడు. 1862 అక్టోబరు మొదట్లో కొరింత్ దగ్గర దక్షిణాది సేన చావుదెబ్బ తిన్నది. ఆ నెల్లాళ్లలోనే అతను దళం విడిచి ఇంటికొచ్చాడు.

ఉప్పు, మొక్కజొన్న, గుర్రం

సిపాయిలు యుద్ధభూమికి భయపడి పారిపోయారన్నది అప్పటి అధికారుల మాట. ఇళ్లలో జరుగుతున్నది చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది.

ఉత్తరాది నౌకాదళం 1861 నుంచే దక్షిణాది రేవులను దిగ్బంధించింది. పత్తి బయటికి పోవడం ఆగింది. ఆ దెబ్బకు ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ బజారులో పత్తి ధర కొండెక్కి, మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల పత్తికి కూడా ఆ నాలుగేళ్లూ ఎన్నడూ లేని గిరాకీ వచ్చింది. కాకినాడ రేవు పేరు మీద ‘కోకనాడ పత్తి’ అని ఒక రకం వ్యాపారుల లెక్కల్లో ఉండేది. పత్తి పెద్దగా పండించని జోన్స్ కౌంటీకి అదే దిగ్బంధం ఉప్పు రూపంలో తగిలింది. దక్షిణాదికి కావలసిన ఉప్పులో చాలా భాగం ఓడల్లో బయటి నుంచి వచ్చేది. ఆ రోజుల్లో చలికాలం మొదట్లో పందులను కోసి, మాంసానికి ఉప్పు పట్టించి, పొగ గదిలో వేలాడదీసి ఏడాదంతా తినేవారు. ఉప్పు లేకపోతే కోసిన పంది నాలుగు రోజుల్లో కుళ్లిపోతుంది. అడవినిండా పందులున్నా ఇంట్లో తినడానికి మాంసం ఉండదు. పొగ గదుల్లో ఏళ్ల తరబడి కారి ఇంకిన ఉప్పు కోసం నేలమట్టి తవ్వి, నీళ్లలో కలిపి కాచి తీసుకున్న ఇళ్లు ఆ యుద్ధంలో దక్షిణాది అంతటా ఉన్నాయి.

సిపాయికి నెలజీతం 11 డాలర్లు. అదీ నెలల తరబడి అందేది కాదు. అందినా ఆ నోటు విలువ రోజురోజుకూ కరిగిపోతుండేది. అలా ఉండగా 1863 మార్చిలో, సైన్యానికి కావలసిన ధాన్యం, పశువులు, గుర్రాలు ప్రభుత్వం నిర్ణయించిన ధరకు లాక్కోవచ్చని చట్టం వచ్చింది. ఏప్రిల్‌లో మరోటి. పండిన పంటలో పదో వంతు, కోసిన పంది మాంసంలో పదో వంతు ప్రభుత్వానికి ఇవ్వాలి. తెలుగు పల్లెల్లో లెవీ అన్న మాట వింటే ముసలివాళ్లకు ఏం గుర్తొస్తుందో, ఆ పైన్ అడవి కుటుంబాలకు ఈ పదో వంతు అలాంటిదే. దున్నేవాడు సైన్యంలో ఉన్నాడు. ఉన్న ఒక్క గుర్రాన్ని తీసుకుపోయారు. భార్య, పిల్లలు కలిసి ఎలాగో పండించిన గింజల్లో పదో వంతు కొలవడానికి మనిషి వచ్చి గాదె ముందు నిలబడ్డాడు. న్యూటన్ నైట్ ఇంటి గుర్రాన్ని కూడా ఇలాగే పట్టుకుపోయారని, ఆ కబురే అతన్ని ఇంటికి రప్పించిందని చెబుతారు. ఆ ఒక్క గుర్రం సంగతి ఎలా ఉన్నా, సిపాయిల భార్యలు తిండి లేదని గవర్నరుకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాయడం మాత్రం రాష్ట్రమంతటా జరిగింది.

యుద్ధం ఇంటి గుమ్మంలోకి, గాదెలోకి వచ్చాక సిపాయికి ఎదురైన ప్రశ్న మారింది. ఎవరి ఇంటిని కాపాడటానికి తుపాకీ పట్టాడో ఆ ఇంటినే తన ప్రభుత్వం ఖాళీ చేస్తుంటే, కాపలా ఎక్కడ కాయాలి? జోన్స్ కౌంటీ తిరుగుబాటుకు మూలం ఇక్కడే ఉంది. వాళ్లలో కొందరు మొదటి నుంచీ యూనియన్, అంటే విడిపోని అమెరికా, పక్షాన ఉన్న మాట నిజం. 166 మంది ఓటు దానికి సాక్ష్యం. కానీ అభిప్రాయం ఉన్నంత మాత్రాన ఎవరూ బురదలో పడుకుని ప్రభుత్వ సేనతో పోరాడరు. ఆకలి ఆ అభిప్రాయానికి కాళ్లిచ్చింది.

1863 జులై 4న విక్స్‌బర్గ్ కోట పడిపోయింది. జోన్స్ నుంచి వెళ్లిన మనుషులు చాలామంది ఉన్న 7వ మిసిసిపీ బెటాలియన్ అక్కడే లొంగిపోయింది. మళ్లీ పోరాడబోమన్న మాట తీసుకుని ఉత్తరాది సేన వాళ్లను వదిలేసింది. మళ్లీ దళంలో చేరమని సొంత ప్రభుత్వం పిలిచినప్పుడు ఎక్కువమంది కదల్లేదు.

డీసన్ ఇంట్లో ఒక రాత్రి

ఆగస్టులో సైన్యం నుంచి ఒక మేజర్ జోన్స్ కౌంటీకి వచ్చాడు, పారిపోయినవాళ్లను పట్టి పంపడానికి. ఆ మేజర్ ఎమోస్ మెక్‌లమోర్. ఒకప్పుడు ఇదే కౌంటీలో బడిపంతులు, మత బోధకుడు, వ్యాపారి. అతను కూడా మొదట్లో విభజనకు సుముఖంగా లేడు. ఇక్కడి దారులు, ఇళ్లు, ఎవరు ఎవరికి ఏమవుతారో అన్నీ తెలిసినవాడు. పైవాళ్లు అతన్ని పంపింది అందుకే. వచ్చిన కొద్ది వారాల్లోనే వందకు పైగా మనుషులను పట్టి వెనక్కి పంపాడు.

అక్టోబరు 5 రాత్రి అతను ఎలిస్‌విల్‌లో ఎమోస్ డీసన్ అనే శాసనసభ్యుడి ఇంట్లో ఉన్నాడు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. చెక్క పలకలను రాతి దిమ్మల్లా కనబడేట్టు చెక్కి కట్టిన తెల్లటి ఇల్లు. ఎవరో లోపలికి చొరబడి మెక్‌లమోర్‌ను కాల్చి చంపారు. న్యూటన్ నైటేనని కౌంటీ మొత్తం అనుకుంది, ఇప్పటికీ అనుకుంటుంది. ఆ నెత్తుటి మరక చెక్క నేల మీద ఎంత కడిగినా మళ్లీ తేలేదని, చివరికి పైన కొత్త పలకలు పరిచారని ఆ ఇంటి గురించి చెప్పుకునే కథ.

చంపబడినవాడు పరాయివాడైతే కథ సులువుగా ఉండేది. మెక్‌లమోర్ ఈ అడవి మనిషే. అతను చదువు చెప్పిన పిల్లలు రెండు పక్షాల్లోనూ ఉండి ఉంటారు. అంతర్యుద్ధం అన్న మాటకు పుస్తకాల్లో చెప్పే అర్థం ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య యుద్ధమని. జోన్స్‌లో దాని అర్థం ఇది.

వారం తర్వాత, అక్టోబరు 13న, జోన్స్‌తో పాటు పక్కనున్న జాస్పర్, కోవింగ్టన్, స్మిత్ కౌంటీల మనుషులు కలిసి ఒక దళం కట్టుకున్నారు. న్యూటన్ నైట్‌ను కెప్టెన్‌గా ఎన్నుకున్నారు. యుద్ధం తర్వాత అతను ప్రభుత్వానికి ఇచ్చిన జాబితాలో యాభైకి పైగా పేర్లున్నాయి. వచ్చిపోయినవాళ్లతో కలిపితే ఇంకా ఎక్కువే. వాళ్ల ప్రధాన స్థావరం లీఫ్ నది చిత్తడిలో ఉన్న ‘డెవిల్స్ డెన్’, దయ్యం గుహ. కొమ్ము బూరలు ఊది ఒకరికొకరు సంకేతాలిచ్చుకునేవారు. పగలు పొలంలో పని చేస్తున్న రైతు బూర వినగానే నాగలి వదిలి తుపాకీతో చిత్తడిలో కలిసిపోయేవాడు.

1863 చివరి నుంచి 1865 మొదటి దాకా 14 సార్లు ప్రభుత్వ సేనతో తలపడ్డామని తర్వాత నైట్ చెప్పుకున్నాడు. వాటిలో ఎక్కువ చిన్న ఎదురుకాల్పులే. వాళ్లు చేసిన పనుల్లో ఇళ్లకు నేరుగా ఉపయోగపడింది జాస్పర్ కౌంటీ పాల్డింగ్‌లో లెవీ మొక్కజొన్న నిల్వచేసిన గోదాము మీద దాడి. గింజలను బండ్లకెత్తి తమ ఇళ్లకూ, ఆ ఊళ్లో ఆకలితో ఉన్న కుటుంబాలకూ పంచారు. 1864 మొదటి నెలల్లో దక్షిణాది సేనాధికారులు రాసుకున్న ఉత్తరాల్లో జోన్స్ పేరు పదే పదే వస్తుంది. సర్కారు సామాను ఎత్తుకుపోతున్నారని, అధికారులనే పట్టి బంధించి ప్రమాణాలు చేయించి వదులుతున్నారని, తమను తాము ‘దక్షిణాది యాంకీలు’ (యాంకీలంటే ఉత్తరాదివాళ్లు) అని పిలుచుకుంటున్నారని, కోర్టు మీద అమెరికా జెండా ఎగిరిందని. శత్రువుకు దడ పుట్టించామని తిరుగుబాటుదారులే చెప్పుకుంటే సందేహించవచ్చు. ఇక్కడ చెబుతున్నది శత్రువే.

కారం చల్లిన దారులు

పారిపోయినవాళ్లను పట్టడానికి సేన వాడిన గొప్ప ఆయుధం వేటకుక్కలు. పారిపోయిన బానిసలను వెంటాడటానికి పెంచిన కుక్కలవి. ఇప్పుడు తెల్లవాళ్ల మీదకు వదిలారు. చిత్తడిలో దాక్కోవడం, వాసన తప్పించడం, నీళ్లలో నడవడం ఈ తెల్ల రైతులకు ఎవరు నేర్పారన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. కుక్కల నుంచి తప్పించుకోవడంలో తరాల అనుభవం ఉన్నది బానిసలకే.

రేచల్ వాళ్లలో ఒకరు. న్యూటన్ తాతగారి కుటుంబానికి చెందిన బానిస. దళానికి తిండి, కబుర్లు చేరవేసింది ఆమేనని రెండు వైపుల కుటుంబాలూ చెప్పుకున్నాయి. దారుల మీద ఎర్ర మిరప కారం చల్లితే కుక్కలు తుమ్ముతూ వాసన కోల్పోతాయి. గాజు పొడి కలిపిన తిండి పెడితే చచ్చిపోతాయి. ఇవన్నీ చేసినవాళ్లు వంటింటి ఆడవాళ్లు. కారం దంచిన చేతులు తెల్లవాళ్లవీ నల్లవాళ్లవీ రెండూ ఉన్నాయి. చిత్తడిలోని మగవాళ్లు ఒక్క వారం కూడా సొంతంగా బతకలేకపోయేవారు. రాత్రుళ్లు మూట కట్టిన రొట్టె, చిలగడదుంపలు పొదల్లో పెట్టి వచ్చినవాళ్లు, సేన వచ్చి భర్త ఎక్కడని అడిగితే ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా నిలబడినవాళ్లు ఆ జాబితాలో లేరు. న్యూటన్ నైట్ ప్రభుత్వానికి ఇచ్చిన పేర్లలో ఒక్క ఆడమనిషి పేరు లేదు. సిపాయిల జాబితా అంటే అంతే కదా అనవచ్చు. కానీ ఈ దళాన్ని నిలబెట్టిన పని సగానికి సగం ఆ జాబితా బయటే జరిగింది, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా రాసే జోన్స్ చరిత్ర సగం చరిత్రే.

1864 ఏప్రిల్‌లో కర్నల్ రాబర్ట్ లౌరీ నాయకత్వంలో సేన వచ్చింది. అంతకు ముందు నెలలో వచ్చిన దళం సాధించలేనిది అతను సాధించాడు. కుక్కలను వదిలాడు, ఇళ్లలోని ముసలివాళ్లనూ కుర్రవాళ్లనూ పట్టుకుని కొడుకులు, అన్నలు లొంగేదాకా ఒత్తిడి పెట్టాడు. కొద్ది రోజుల్లో పదిమందిని ఉరితీశారు. వారిలో ఒకడు బెన్ నైట్, న్యూటన్‌కు వరసకు సోదరుడు. చాలామంది లొంగిపోయి మళ్లీ సైన్యంలోకి పోయారు. కొందరు చిత్తడుల వెంట నడుచుకుంటూ దక్షిణంగా ఉత్తరాది చేతిలో ఉన్న న్యూ ఆర్లియన్స్ చేరి అక్కడ యూనియన్ సైన్యంలో చేరిపోయారు. న్యూటన్, అతనితో మిగిలిన కొద్దిమంది చివరిదాకా దొరకలేదు. ఉరితీయించిన లౌరీ తర్వాత, 1882 నుంచి 1890 దాకా, మిసిసిపీ గవర్నరు.

రాజ్యం ఉందా లేదా

జోన్స్ కౌంటీ నిజంగా విడిపోయిందా? సొంత రాజ్యాంగం, అధ్యక్షుడు, మంత్రివర్గం అంటూ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పత్రికల్లో రంగులద్ది రాసిన కథలకు ఆధారాలు లేవు. 1864 జులైలో నాచెజ్ పత్రిక ఒకటి జోన్స్ కాన్ఫెడరసీ నుంచి విడిపోయిందని రాసింది. అదే ఏడాది తొలి నెలల్లో మెరిడియన్ మీదకు వచ్చిన ఉత్తరాది సేనాని షెర్మన్, కాన్ఫెడరసీని ఎదిరిస్తున్న స్థానికుల నుంచి ‘స్వాతంత్ర్య ప్రకటన’ ఒకటి తనకు అందిందని పై అధికారులకు రాశాడు. న్యూటన్ నైట్ ముసలితనంలో, 1921లో, న్యూ ఆర్లియన్స్ విలేకరితో మాట్లాడుతూ దీన్ని తిరగేసి చెప్పాడు. జోన్స్ ఓటర్లు విభజన వద్దన్నారు, కాబట్టి ఆ కౌంటీ యూనియన్ నుంచి ఎన్నడూ విడిపోనే లేదు, విడిపోనిది మళ్లీ విడిపోవడమేమిటన్నది అతని వాదన.

ఈ వాదనలో పస ఉంది. అతను కట్టింది కొత్త రాజ్యం కాదు, పాత దేశం మీద తమకున్న హక్కును వదులుకోని ఒక కాపలా దళం. ఇలాంటి చోట్లు దక్షిణాదిలో ఇంకా ఉన్నాయి. అలబామాలో విన్‌స్టన్ కౌంటీ ప్రతినిధి క్రిస్టఫర్ షీట్స్ విభజన తీర్మానం మీద సంతకమే చేయనన్నాడు. వర్జీనియా పడమటి కొండల జిల్లాలు 1863లో ఏకంగా వేరే రాష్ట్రమయ్యాయి. కొండలు, ఇసుక నేలలు, చిన్న కమతాలు, తక్కువ బానిసలు: ఈ చోట్లన్నిటిలో ఇవి కనబడతాయి. దక్షిణాది అంతా ఒక్క గొంతుతో యుద్ధానికి దిగిందన్న మాట యుద్ధం ఓడిపోయాక కట్టుకున్న కథ. ఆ కథకు జోన్స్ అడ్డం పడింది. 1865 అర్జీ పెట్టినవాళ్లకు అది బాగా తెలుసు.

రేచల్ పిల్లలు

యుద్ధం ముగిశాక ఉత్తరాది సేన న్యూటన్‌కు ఆకలితో ఉన్న కుటుంబాలకు తిండిగింజలు పంచే పని అప్పగించింది. స్వేచ్ఛ వచ్చినా యజమానులు వదలని నల్ల పిల్లలను విడిపించి తెచ్చే పని కూడా చేశాడు. 1872లో ఫెడరల్ ప్రభుత్వం కింద డిప్యూటీ మార్షల్ అయ్యాడు. 1875లో గవర్నరు ఏమ్స్ అతన్ని జాస్పర్ కౌంటీలో ఎక్కువమంది నల్లవాళ్లున్న సైనిక దళానికి కర్నల్‌ను చేశాడు. సైన్యం విడిచి ఇంటికొచ్చినప్పటి మనిషికీ ఈ మనిషికీ మధ్య చాలా దూరం ఉంది. గాదెను కాపాడుకోవడానికి మొదలైన పోరాటంలో చేయి కలిపినవాళ్ల పక్కనే చివరిదాకా నిలబడ్డాడు. దళంలోని అందరూ అలా నిలబడలేదు. కలిసి ప్రాణాలకు తెగించినవాళ్లలో చాలామంది ఈ విషయం దగ్గర అతనికి దూరమయ్యారు.

ఎందుకంటే న్యూటన్ రేచల్‌తో కలిసి బతికాడు, పిల్లల్ని కన్నాడు. అతని భార్య సెరీనా పిల్లలు ఇద్దరు రేచల్ పిల్లలను పెళ్లాడారు. సోసో అనే ఊరి దగ్గర తెల్లా నల్లా కలిసిన ఒక చిన్న సమాజం ఏర్పడింది. రేచల్ 1889లో చనిపోయింది. న్యూటన్ 1922లో. అతని సమాధి రాయి మీద ఇతరుల కోసం బతికాడు అని చెక్కారు. అప్పటికి రైలు వచ్చి, లారెల్‌లో రంపపు మిల్లులు పుట్టి, వాళ్లను దాచిన పైన్ అడవిలో చాలా భాగం దూలాలైపోయింది.

1948లో, యుద్ధం ముగిసిన 83 ఏళ్లకు, ఎలిస్‌విల్ కోర్టులో ఒక కేసు విచారణకు వచ్చింది. ముద్దాయి రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళంలో పనిచేసి వచ్చిన యువకుడు, న్యూటన్‌కూ రేచల్‌కూ మునిమనవడు. అతను తెల్లవాడిలా కనిపిస్తాడు, తెల్ల అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. అతనిలో నల్లజాతి రక్తం ఉంది కాబట్టి ఆ పెళ్లి నేరమన్నది ప్రభుత్వ వాదన. ఆ కోర్టులో యుద్ధం గురించి, జెండా గురించి ఎవరూ వాదించలేదు. సాక్షులను ఒకరి తర్వాత ఒకరిని నిలబెట్టి, ఎప్పుడో చనిపోయిన రేచల్ ఎలా ఉండేది, ఒంటి రంగేమిటి, జుట్టు ఎలాంటిది, పూర్తిగా నల్లదా కాదా అని అడిగారు. కోర్టు ఆ యువకుడికి ఐదేళ్ల జైలు వేసింది. మరుసటి ఏడాది రాష్ట్ర సుప్రీంకోర్టు, అతనిలో ఎనిమిదో వంతు నల్లజాతి రక్తం ఉందని రుజువు కాలేదంటూ ఆ తీర్పు కొట్టేసింది. చట్టాన్ని మాత్రం ముట్టుకోలేదు. అది 1967 దాకా అమల్లో ఉంది.